మొదటి వరుస వైను, మూడో రకం బెల్లం

ఫ్రాన్సు వెళ్ళదలచిన అనకాపల్లి వాళ్ళు సాయంత్రం ఐదున్నరకల్లా స్టేషనులో ఉండాలి. హైదరాబాదు రైలు ఆరుంబావుకని బోర్డు మీద ఉంటుంది, ఆరూ నలభైకి వస్తుంది, రెండు నిమిషాలే ఆగుతుంది. ఆ రెండు నిమిషాల్లో సామాను ఎక్కించగలిగితే మిగతా ప్రయాణం పెద్ద కష్టమేమీ కాదు. మా మార్కెట్టు వాళ్ళు ఎవరైనా రేపు వెళితే పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ముందు నేనెవరో చెప్పాలి. అనకాపల్లి బెల్లం మార్కెట్టులో ముప్పై ఏళ్ళుగా రకం చెప్పేది నేనే. దిమ్మ మీద గుడ్డ తీసి, వేలిగోటితో ఒక పెచ్చు గీకి, వెలుతురుకి పట్టి చూస్తాను. తేనె రంగైతే ఒకటో రకం, ఇటుక రంగుకి దిగితే రెండు, అంతకన్నా ముదిరితే మూడు. నేను రకం చెప్పాకే వేలంపాట మొదలవుతుంది. మూడో రకం నల్ల బెల్లం ఏ పనికి పోతుందని లోకం అనుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు. దాన్ని వేసుకుని బండి కదిలితే ప్రతి చెక్‌పోస్టులోనూ సారా గురించి ఓ ప్రశ్న ఉంటుంది.

రెండేళ్ళ కిందట మా ప్రాంతపు చెరకు రైతులంతా కలిసి ఒక కంపెనీ పెట్టుకున్నారు. దానికి సలహాలివ్వడానికి హైదరాబాదు నుంచి ప్రవల్లిక మేడం అనే ఆవిడ వచ్చారు. ఆవిడ గోడ మీద బొమ్మలు వేసి చూపించారు. ఫ్రాన్సులో ఎర్ర వైను తీసే ఎస్టేట్లున్నాయట. ఎప్పుడో చక్రవర్తుల కాలంలో వాటికి వరుసలు కట్టి జాబితా రాశారట. ఆనాడు మొదటి వరుసలో రాసినవాళ్ళ సరుకు ఈనాటికీ బంగారం ధర పలుకుతుందట. “మనకీ ఒక జాబితా కావాలండీ. అనకాపల్లి బెల్లప్పొయ్యిలన్నిటికీ వరుసలు కట్టేద్దాం. ఒక్కసారి కడితే ఇక మార్చకూడదు. మార్చనిదే హెరిటేజ్!” అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. జాబితా రాసే పని, వేరే ఎవరికి, నాకే అప్పగించారు. రాసేముందు అసలైన ఎస్టేటు ఒకటి చూసి రమ్మని టిక్కెట్లు కొన్నారు. రైతుల తరఫున ఒకరిని పంపడానికి చీటీలు తీశారు. చీటీలో మా సూరిబాబు బావ పేరు వచ్చింది.

చిక్కంతా అక్కడే వచ్చింది. సూరిబాబు బావ మా అక్క భర్త. నాతవరం దగ్గర ఆరెకరాల చెరకు, ఒక బెల్లప్పొయ్యి ఆయన ఆస్తి. అందరూ పాకంలో హైడ్రోస్ పొడి చల్లి రంగు తేలుస్తారు. ఆయన ఆ పొడిని గడప తొక్కనివ్వడు. సున్నపు తేట, బెండ మొక్కల జిగురు, అంతే. అందుకని ఆయన బెల్లం నల్లగా ఉంటుంది, నేను ముప్పై ఏళ్ళుగా మూడో రకం అంటున్నాను. సొంత బావకి మంచి రకం కట్టబెట్టాడని ఎవరైనా అంటారేమోనని, అనుమానం ఉన్నప్పుడు కూడా కిందకే దించాను. నా నిజాయితీకి మార్కెట్ యార్డులో పెద్ద పేరు వచ్చింది. ఆ పేరు కోసం మా అక్క ఇంట్లో ఏం వదులుకున్నారో నేనెప్పుడూ అడగలేదు.

రైలు కోసం నిలబడ్డప్పుడే బావ విషయం తేల్చేశాడు. “రవణా, యార్డులో మూడో రకవంటే ఆ రోజుకే. మర్నాడు మళ్ళీ సూత్తావు కదాని ఓ ఆశ. ఈ జాబితాలో మూడో వరసంటే నా మనవల కాడికీ మూడో వరసే. అలగ రాసేవంటే ఈ ఏడు పొయ్యి ఎలిగించను. పెనం దించేసి పొలం ప్లాట్లోళ్ళకి ఇచ్చెత్తాను.”

“కళ్ళకి కనిపించిందే కదా బావా రాస్తాను,” అన్నాను.

మా ఎదుటి సీట్లో రహంతుల్లా గారు కూర్చున్నారు. గవరపాలెం దారిలో ఆయనకి రేకు దుకాణం ఉంది. బెల్లం కాచే పెద్ద పెనాలు తాతల నాటి నుంచి వాళ్ళే చేస్తారు. హైదరాబాదులో మేనకోడలి నిఖాకి వెళుతున్నారు. మా సంగతి విని, “పోయినేడు పెనాలు రెండే చేసేను బాబూ. మిగతా అంతా వాటర్ ట్యాంకు స్టాండ్లే. ఏదో ఒక జాబితా రాసి పుణ్యం కట్టుకోండి,” అన్నారు. ఇంట్లో చేసిన సేమియా పెట్టారు. బావ రెండుసార్లు పెట్టించుకున్నాడు, నేను వద్దని చక్కెర లేని టీ తాగాను.

గురువారం ఉదయం ఆరూ యాభైకి సికింద్రాబాదులో దిగాం. విమానాశ్రయం బస్సు అక్కడికక్కడే దొరుకుతుంది. ప్రవల్లిక మేడం మూడు పెట్టెలతో ఎదురొచ్చారు. బావకి ఒకటే సంచి. అందులో రెండు జతల బట్టలు, చింతకాయ పచ్చడి, అటుకులు, ఒక స్టీలు డబ్బా. డబ్బాలో పోయిన సీజను ఆఖరి వంట బెల్లం అరకిలో ఉంది. ఒక పెనం పాకం కాచి దించితే ఒక వంట. తనిఖీ దగ్గర కుర్రాడు మూత తీసి, “ఏంటంకుల్ ఇది, ఇంత నల్లగా?” అన్నాడు. “అదేటో ఈ పక్కనున్నాయన్ని అడుగు, ఆయన సెప్తాడు,” అన్నాడు బావ. నేను బెల్టు పెట్టుకుంటున్నట్టు నటించాను.

పదిన్నరకి విమానం. మధ్యలో దోహాలో మూడు గంటలు కూర్చోబెట్టారు. అక్కడి టీ ధర చూసి ముగ్గురం మంచినీళ్ళు తాగాం. పారిస్‌లో దిగేసరికి అక్కడి టైము రాత్రి తొమ్మిదిన్నర. స్టేషను పక్కనే చిన్న హోటలు, మా ఇద్దరి గది తొంభై యూరోలు, మంచాలు రెండు, దుప్పటి ఒక్కటే. మర్నాడు ఉదయం ఎనిమిదీ నలభైకి బోర్డో వెళ్ళే రైలు సరిగ్గా ఎనిమిదీ నలభైకే కదిలింది. బావకి అది నచ్చలేదు. పరిగెత్తుకొచ్చేవాడికి ఒక్క నిమిషం కూడా ఆగని రైలేం రైలన్నాడు. టిక్కెట్టు అరవై రెండు యూరోలు, రెండు గంటల పది నిమిషాల దారి. పక్క సీటు ముసలావిడ బావ అటుకులు చూసి ఏదో అడిగింది. మేడం తర్జుమా చేశారు: “ఇది ఆరోగ్యం కోసం తింటారా అంటున్నారు.” “ఆకలేసి తింతన్నాను,” అన్నాడు బావ.

శనివారం మా అసలు పని. బోర్డోలో తొమ్మిదీ పదికి బస్సెక్కితే ఎస్టేటు దగ్గర పదీ ఇరవైకి దింపుతుంది. ఎస్టేటు పేరు రాయకూడదని గేటు దగ్గరే కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. రాసినా మనకి నోరు తిరగదు కాబట్టి పాఠకులకి నష్టమేమీ లేదు. లోపలికి గులకరాళ్ళ బాట, దాని చివర మేడ. నాలుగు మూలలా గోపురాలు, ఎటు చూసినా కిటికీలు, ఒక్క కిటికీలోనూ మనిషి లేడు. చూపించే అమ్మాయి పేరు క్లెయిర్. మనిషికి నలభై యూరోలు తీసుకుని, మెళ్ళో తగిలించుకోవడానికి తలా ఒక కార్డు ఇచ్చింది. ఆమె ఇంగ్లీషులో చెబుతుంటే మేడం తెలుగు చేస్తూ వచ్చారు.

ముందు హాల్లో గోడ నిండా పెద్దమనుషుల బొమ్మలు. తెల్ల జుట్టు టోపీలు, పట్టు కోట్లు, ఒకాయన చేతిలో కుక్క. “వీళ్ళంతా యజమానుల తాతముత్తాతలా?” అని అడిగాను. క్లెయిర్ కొంచెం ఇబ్బంది పడింది. ఇప్పటి యజమాని ఒక బీమా కంపెనీయట. అంతకుముందు ఒక బ్యాంకు, దానికి ముందు ఓడల వ్యాపారి. ఆ తాతలు ఓడల వ్యాపారికి ముందున్న కుటుంబం వాళ్ళట. మేడతో పాటు వాళ్ళని కూడా కొనుక్కున్నారు. “మా ఇంట్లో అద్దెకున్నోళ్ళు ఎల్లిపోతూ కేలెండరు ఒగ్గీసి ఎల్తారు, అలగా,” అన్నాడు బావ. ఆ మాట మేడం తర్జుమా చెయ్యలేదు.

పక్క గదిలో, అద్దాల పెట్టెలో, ఆ జాబితా ఉంది. మేడం దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. నూటయాభై ఏళ్ళు దాటిన కాగితం, అందులో ఈ ఎస్టేటు రెండో వరుసలో ఉంది. అన్నాళ్ళలో ఆ జాబితా కదిలింది దాదాపు లేదని క్లెయిర్ గర్వంగా చెప్పింది. జాబితా రాసినవాళ్ళు ఎలా రాశారని అడిగాను, నాకు పనికొచ్చే ప్రశ్న కదా. అప్పటి దళారులు కూర్చుని, ఎవరి సరుకు ఎంత ధర పలుకుతోందో చూసి వరుసలు కట్టేశారట.

“అంటే రుచి చూడలేదా?” అన్నాను.

“ధర ఉందంటే రుచి ఉన్నట్టే కదండీ,” అంది క్లెయిర్. నాకు ఆ దళారుల మీద చాలా గౌరవం కలిగింది. బావ మాత్రం ఆ కాగితం వైపు చూడకుండా, దాన్ని ఊడబెరకడానికి వీలుందా అన్నట్టు పెట్టెకి కొట్టిన మేకుల వైపు చూశాడు.

పదకొండింటికి తోటలోకి తీసుకెళ్ళారు. తీగలు మోకాలెత్తు కూడా లేవు. నేలంతా రాళ్ళు. ప్రతి వరుస చివరా ఒక గులాబీ మొక్క ఉంది. తెగులు ముందు దానికి తగులుతుందని పూర్వం నాటేవారట, ఇప్పుడు ఫొటోల కోసం నాటుతున్నారు. క్లెయిర్ ఒక గులకరాయి తీసి నా చేతిలో పెట్టి, “మా వైను గొప్పతనమంతా ఇదే. ఇక్కడ నేల బీదది. తీగ కష్టపడాలి. కష్టపడితేనే పండుకి వ్యక్తిత్వం వస్తుంది,” అంది. మేడం “తెర్‌వార్! తెర్‌వార్!” అంటూ రాసుకున్నారు. తెర్‌వార్ అంటే మట్టి, గాలి, నీరు, తాతలు, వీటన్నిటినీ కలిపి సీసాలో పోసి అమ్మడానికి వాళ్ళు పెట్టుకున్న పేరు.

“మా నేలా కష్టపెడతాదమ్మా. మమ్మల్నీ కష్టపెడతాది. టిక్కెట్టు కొని సూడ్డానికి మాత్రం ఎవులూ రారు,” అన్నాడు బావ. ఇదొకటి మేడం తర్జుమా చేశారు. క్లెయిర్ బావ భుజం తట్టి, ఇంత అందమైన మాట ఈ మధ్య వినలేదంది.

కోతలు జరుగుతున్నాయి. వంగి కోసేవాళ్ళు వేరే దేశాల నుంచి సీజను కోసం వచ్చినవాళ్ళు. వారసత్వంలో వాళ్ళ వంతు ఎంతో ఎక్కడా రాసి లేదు. ఒకతను లేచి నడుం పట్టుకున్నాడు. బావ కూడా తన నడుం పట్టుకుని చూపించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

పీపాల గదిలో మాత్రం బావ మనిషి మారిపోయాడు. గుడిలో ఉన్నంత చల్లగా, మసగ్గా ఉంది. వందలాది పీపాలు నడుముకి ఎర్ర పట్టీ వేసుకుని పడుకున్నాయి. వైను తేరడానికి ఒక్కో పీపాలో కోడిగుడ్ల తెల్లసొన వేస్తారని, అది మడ్డినంతా కిందకి దించేస్తుందని క్లెయిర్ చెప్పింది. బావ నా చెయ్యి పట్టేశాడు. “ఇన్నావా రవణా? మన బెండ జిగురే! మడ్డిని అదే లాగెత్తాది. పొడి గాని ఎయ్యరేటో అడుగు!” మేడం అడిగారు. రంగు తేలడానికి పొడి వేస్తారా అన్న ప్రశ్నకి క్లెయిర్ మొహం పాలిపోయింది. అలాంటి పని చేస్తే జైలుకెళ్తామంది. బావ నా వైపు తిరిగి చూశాడు. నేను పీపాలు లెక్కపెట్టాను.

పన్నెండుంబావుకి రుచి గదిలోకి వెళ్ళాం. తెల్ల గుడ్డ పరిచిన బల్ల, మూడు గ్లాసులు, ఉమ్మడానికి ఒక వెండి పాత్ర. బావ ముందే రెండు చేతులూ ఎత్తేశాడు. “శనోరం. ఉప్మాక ఎంకన్నకి మొక్కున్నాది. నోట్లో పోసుకోను, ఉమ్మను.” దాంతో భారమంతా నా మీద పడింది. క్లెయిర్ నవ్వుతూ, “మీరు వృత్తిరీత్యా నిపుణులని విన్నాను. ఈ మూడింటికీ వరుస కట్టండి చూద్దాం,” అంది.

ఇలాంటి మాట నాతో అనకూడదు. ముప్పై ఏళ్ళ అలవాటు లేచి కూర్చుంది. మొదటి గ్లాసు కిటికీ వెలుతురుకి పట్టాను. లేత రంగు, అవతలి చెట్టు కూడా కనిపించేంత తేట. రెండోది దానిమ్మ గింజ రంగు. మూడోది కారు నలుపు, నా వేలు కూడా కనపడలేదు. అర నిమిషం పట్టలేదు. గ్లాసులు వరుసగా పెట్టి, యార్డులో చెప్పినంత గట్టిగా చెప్పాను: “ఒకటో రకం. రెండో రకం. ఇది మూడో రకం, సారా కాచేవాళ్ళకి తప్ప పనికిరాదు.”

మేడం చెంపకి చెయ్యి ఆనించుకున్నారు. క్లెయిర్ చాలా మర్యాద గల పిల్ల. మెల్లగా చెప్పింది. నేను ఒకటో రకమన్నది కోతల కూలీలకి మధ్యాహ్నం భోజనంలో జగ్గుల్లో పోసేది. రెండోది ఎస్టేటు రెండో సరుకు. కాచేవాళ్ళకి తప్ప పనికిరాదన్నది వాళ్ళ అసలు వైను. దాని సీసా ధర మేడం నాకు తెలుగులో చెప్పలేక వేళ్ళతో చూపించారు.

“కానీ సార్, మీరు ఒక్కటి కూడా నోట్లో పెట్టుకోలేదు,” అంది క్లెయిర్. నిజంగా అర్థంకాక అడిగింది.

నా బదులు బావ జవాబు చెప్పాడు. “ఆయన బెల్లం కూడా నోట్లో ఎట్టడమ్మా. కంటితో సూసి సెప్పేత్తాడు. పదిహేనేళ్ళ కాడ్నుంచి ఆయనకి సుగరు.”

మేడం తర్జుమా చేస్తారని నేను అనుకోలేదు. చేశారు. గదిలో ఎవరూ నవ్వలేదు, అదే నాకు కష్టంగా తోచింది. నవ్వి ఉంటే నేనూ నవ్వేసేవాణ్ణి. షుగరు రాకముందు పదిహేనేళ్ళు కూడా నేను ఎన్ని దిమ్మలు తిని చూశానో గుర్తు చేసుకోబోయాను. పెద్దగా గుర్తు రాలేదు. నాకు సిగ్గేసింది, ఆ మాట ఇక్కడ రాయడానికి మొహమాటం లేదు.

అప్పుడే వైను పెద్దాయన వచ్చాడు. ఆ ఎస్టేటులో ఏ పీపా ఏ సీసాలోకి పోవాలో చెప్పేది ఆయనేనట. డెబ్బై ఏళ్ళుంటాయి, మెళ్ళో శాలువా. పని రోజుల్లో నాలుక పాడవుతుందని వెల్లుల్లి కూడా ముట్టడని క్లెయిర్ చెప్పింది. మేడం అవకాశం వదలకుండా బావ డబ్బా అందుకుని ఆయన ముందు పెట్టారు. ఆయన ఒక పెచ్చు తీసి ముందు వాసన చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. నోట్లో వేసుకుని, పెదవులు సున్నా చుట్టి గాలి పీల్చాడు. చాలాసేపటికి మాట్లాడాడు.

మేడం గబగబా రాసుకుంటూ మాకు చెప్పారు: “పొగ అంటున్నారు... పాత తోలు... వేయించిన కాఫీ... చలికాలంలో దూరంగా ఎవరో పొయ్యి రాజేసినట్టుందట... ఇందులో ఒక మనిషి సంతకం ఉందట!” ఆయన ఇంకో పెచ్చు తీసుకున్నాడు. బావ మెడ గోక్కుంటూ నేల చూపులు చూశాడు. సంతోషం పట్టలేక అలా ఉన్నాడనుకున్నాను.

ఒంటిగంటన్నరకి ఊళ్ళోనే భోజనం. రొట్టె, ఉడికించిన బంగాళాదుంపలు, బావ పచ్చడి. తిరుగు బస్సు మూడుంబావుకి. బస్సులో మేడం ఆనందానికి హద్దు లేదు. “రమణగారూ, సమస్య తీరిపోయింది! సూరిబాబుగారి పొయ్యి మొదటి వరుస. పక్కన ఆ పెద్దాయన మాటలు అచ్చు వేయిద్దాం. స్మోకీ అనకాపల్లి!” అన్నారు. నాకు గుండె మీద నుంచి బరువు దిగినట్టయింది. బావకి మొదటి వరుస ఇచ్చానన్న మాట నా మీదకి రాదు, ఆ ఫ్రాన్సు ఆయన మీదకి పోతుంది. అక్క సంతోషిస్తుంది, పెనం దిగదు. నేను ఒక్కటి కూడా రుచి చూడక్కర్లేదు. ఇంతకన్నా శుభ్రమైన ఏర్పాటు నాకు తోచలేదు.

సోమవారం పారిస్ నుంచి తిరుగు విమానంలో ఈ మాట బావ చెవిన వేశాను. ఆయన ముందున్న భోజనం ట్రే మూత పెట్టేశాడు.

“నువ్వు తిన్నావా?” అన్నాడు.

“ఆయన తిన్నాడు కదా బావా.”

“నాను అడిగింది నిన్ను. ముప్పై ఏళ్ళు నీ కంటికి బయపడ్డాను. ఇప్పుడేటి, ఆ తెల్లాయన నోటికి దండం ఎట్టమంటావా? ఆయన మన్ది సూత్తాడా, మళ్ళీ ఒత్తాడా? నువ్వు తిని రాయి, నేకపోతే మూడో వరసే రాసుకో. పెనం నాను దించుకుంతాను.”

హైదరాబాదు దాకా దుప్పటి ముసుగేసి పడుకున్నాడు. మేడం అక్కడే ఆగిపోయారు. జాబితా ఈమెయిల్ చెయ్యమని రెండుసార్లు గుర్తు చేశారు.

మంగళవారం సాయంత్రం రైలెక్కి పడుకున్నాం. బుధవారం తెల్లవారి తుని దగ్గర మెలకువ వచ్చింది. ఆరూ నలభై. కిటికీ అవతల చెరకు తక్కువ, సర్వే రాళ్ళు ఎక్కువ కనిపించాయి. ఆ ఎస్టేటు గురించి నా అభిప్రాయం ఏమిటని దారి పొడవునా ఆలోచిస్తూనే ఉన్నాను. కొనుక్కున్న తాతలు, ఫొటోల గులాబీలు, రుచి చూడని జాబితా, ఇవన్నీ నవ్వులాటే. కానీ ఆ వెల్లుల్లి ముట్టని ముసలాయన ఒక్క పెచ్చు కోసం కళ్ళు మూసుకుని కూర్చున్నాడు చూశారూ, అది మాత్రం నవ్వులాట కాదు. ఆయన చెప్పింది ఒప్పో తప్పో గాని, నోట్లో పెట్టుకుని చెప్పాడు. మేడం ఆ ఎస్టేటు నుంచి తెచ్చుకున్న కాగితాల్లో ఆ సంగతి ఎక్కడా లేదు.

ఎదుటి బెర్తు మీద నర్సీపట్నం రోడ్డులో దిగాల్సిన పెద్దాయన ఒకడు సంచి సర్దుకుంటూ, “ఏటి బాబూ, ఫ్రాన్సు ఎల్లొచ్చేరంట! ఎలగుంతాదేటి?” అన్నాడు. “రైళ్ళు టైముకి నడుత్తాయి,” అన్నాడు బావ. ఆయన నమ్మనట్టు తలూపి దిగిపోయాడు.

బావ కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను ఆయన సంచిలోంచి డబ్బా తీశాను. ఆయన చూశాడు. పొద్దుటి షుగరు మాత్ర వేసుకుని, పెచ్చు కాదు, ఉసిరికాయంత ముక్క విరిచి నోట్లో వేసుకున్నాను.

ముందు తీపి. పదిహేనేళ్ళ తరవాత నోట్లోకి వచ్చిన తీపి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. తీపి వెనకే చెరకు పచ్చివాసన, కొంచెం ఉప్పదనం, అది నాతవరం నేలది. ఇంత కమ్మటి సరుకుని ముప్పై ఏళ్ళు ఏమన్నానో తలుచుకుంటే నా మీద నాకే రోత పుట్టింది. ఆ తరవాత, అంతా కరిగిపోయాక, నాలుక వెనకాల ఒక చేదు మిగిలింది. పొగ. పాత తోలు. వేయించిన కాఫీ. ఫ్రాన్సు పెద్దాయన చెప్పినవన్నీ ఒక్కొక్కటీ వరుసగా ఉన్నాయి. తెలుగులో వాటన్నిటికీ కలిపి ఒకటే మాట.

బావ నా మొహమే చూస్తున్నాడు. బాగుందంటే సరిపోతుంది. పెనం నిలుస్తుంది, అక్క నిలుస్తుంది, మేడం అచ్చు వేయిస్తారు. బాగుందనడానికే నోరు తెరిచాను.

“బావా,” అన్నాను. “మాడింది.”

ఆయన కదల్లేదు. “ఎక్కడ?”

“అడుగున. దింపడం ఆలస్యమైంది.”

“ఎంతసేపు?”

నేను ఇంకోసారి చప్పరించాను. “రెండు నిమిషాలు ఉంటుంది.”

“మూడు,” అన్నాడు బావ. ఆయన మొహం విచ్చుకుంది. “ఆ రోజు నాకు జొరం. పెనం దించమని కేకేసేను, కుర్రోళ్ళకి ఇనబళ్ళేదు. మంచి దిమ్మలు అమ్మేసి, మాడిందాన్ని ఇంట్లోకి ఒగ్గేసుకున్నాను. ఫ్రాన్సు అట్టుకెల్లడానికి అదే మిగిలింది.”

“మరి ఆయన అన్ని మాటలు పొగుడుతుంటే చెప్పలేదేం?”

“ముసిలాయన. కళ్ళు మూసుకుని ఇట్టంగా తింతన్నాడు. మాడిపోయిందని ఎలగ సెప్తాను?” అని నవ్వేశాడు. అలా నవ్వడం ఈ ప్రయాణంలో అదే మొదటిసారి. ఎలమంచిలి దాటేదాకా నవ్వుతూనే ఉన్నాడు. తరవాత కళ్ళు తుడుచుకుని, ఇంక వేళాకోళం లేకుండా అడిగాడు. “సరే మరి. ఏటి రాత్తావు?”

“జాబితా రాయను బావా. ఏ వంటకి ఆ వంట తిని చెప్పాలి. ఎన్ని దిమ్మలు తినొచ్చో డాక్టర్ని అడగాలి, లేదంటే షుగరు లేనివాణ్ణి ఇంకొకణ్ణి వెతకాలి,” అన్నాను. “ఇదైతే మూడో రకమే.”

ముప్పై ఏళ్ళలో ఆ మాట నా నోట వినీ ఆయన మొహం చిన్నబోనిది ఆ పూటే. “మూడో రకవే,” అని ఒప్పుకున్నాడు. “తరవాతి వంటో?”

“అది తిన్నాక చెప్తాను.”

“అలగైతే పొయ్యి ఎలిగించాల కదేటి,” అన్నాడు బావ, డబ్బా మూత బిగిస్తూ.